ఓనరు ఉలకడు, పలకడు: స్పీడ్ పోస్టు, లాయర్ నోటీసు, లోక్ అదాలత్‌లలో ఏది ఎంత పనిచేస్తుంది?

బాత్‌రూమ్ పైకప్పు నుంచి నీళ్లు కారుతుంటాయి. వంటగది గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతుంటుంది. ఓనరుకు ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా "చూద్దాం లెండి" అని పెట్టేస్తాడు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి కానీ జవాబు రాదు. ఇలాంటప్పుడు అద్దెకున్నవాళ్లు డబ్బో సమయమో పెట్టి వాడుకోగల సేవలు కొన్ని ఉన్నాయి. పోస్టాఫీసు, లాయర్ నోటీసు, ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ నోటీసు, లోక్ అదాలత్ జరిపే జిల్లా న్యాయసేవాధికార సంస్థ, అద్దె తగాదాలు తేల్చే రెంట్ కంట్రోలర్, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ అన్నీ తలా ఒక దారి చూపిస్తాయి. వీటిలో ఏది పనికొస్తుంది, ఏది దండగ అన్నది ఈ సమీక్ష. ఇది హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వేరు కాబట్టి ఆ సంగతి చివర్లో విడిగా ఉంది.

తీర్పు ముందే చెప్పేస్తే, అన్నిటికంటే చవకైన సేవే అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. అది పోస్టాఫీసు కౌంటరు. దాని తర్వాత న్యాయసేవాధికార సంస్థ. లాయర్ నోటీసు మూడో స్థానంలో, అదీ కొన్ని షరతులతో. కోపంగా మాట్లాడితే ఓనరు కదలడు. తేదీ, డబ్బు రెండూ రాసున్న కాగితం తన చేతికి అందిందని రుజువయ్యాక కదులుతాడు. పై సేవలన్నిటినీ ఈ ఒక్క గీటురాయి మీదే తూచాలి.

పోస్టు చేసే ముందు: ఉత్తరంలో ఏముండాలి

పోస్టాఫీసు ఎంత బాగా పనిచేసినా కవరులో పెట్టిన ఉత్తరం బలహీనంగా ఉంటే లాభం లేదు. "ఇల్లు అస్సలు బాగాలేదు, చాలాసార్లు చెప్పినా పట్టించుకోవట్లేదు" అనే ఉత్తరం ఓనరుకు ఏ బాధ్యతా పెట్టదు. ఒక్కో లోపానికి ఒక్కో పేరా ఉండాలి, ప్రతి పేరాలో నాలుగు విషయాలుండాలి: ఎక్కడ, ఎప్పటి నుంచి, మొదట ఎప్పుడు ఎలా చెప్పారు, ఇప్పుడు ఏం చేయాలి. ఇలా:

"మాస్టర్ బెడ్‌రూమ్ బాత్‌రూమ్ పైకప్పులో, కమోడ్ పైభాగాన, సుమారు రెండడుగుల మేర చెమ్మ ఉంది. అక్కడి నుంచి నీరు చుక్కలుగా కారుతోంది. ఈ విషయం జూన్ 12న ఫొటోతో సహా వాట్సాప్‌లో తెలియజేశాను. జూన్ 14న మీరు 'ప్లంబర్‌ను పంపిస్తాను' అని జవాబిచ్చారు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా పై ఫ్లాట్ ఓనరుతో మాట్లాడి మరమ్మతు చేయించవలసిందిగా కోరుతున్నాను. ప్లంబర్ ఇచ్చిన ఎస్టిమేట్ జతపరిచాను."

ఇందులో "మీరు పంపిస్తాను అని జవాబిచ్చారు" అన్న వాక్యం అన్నిటికంటే విలువైనది. ఎందుకో తెలియాలంటే చట్టం కొంచెం తెలియాలి. ఆస్తి బదలాయింపు చట్టం 1882లోని 108(ఎఫ్) క్లాజు ప్రకారం ఓనరు చేయించాల్సిన మరమ్మతును, నోటీసిచ్చాక సమంజసమైన గడువులో చేయించకపోతే, అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. చాలామంది ఇక్కడిదాకా చదివి సంబరపడతారు. కానీ ఆ క్లాజులోని అసలు మెలిక "ఓనరు చేయించాల్సిన మరమ్మతు" అన్న మాటలోనే ఉంది. ఏ మరమ్మతు ఓనరు చేయించాలో ఆ క్లాజు చెప్పదు, దాన్ని అగ్రిమెంట్‌ నుంచి చూపించాలి. "మేజర్ రిపేర్లు ఓనరువి, మైనర్ రిపేర్లు అద్దెదారువి" అనే లైను అగ్రిమెంట్‌లో ఉంటే ఆ లైనున్న క్లాజు నంబరు ఉత్తరంలో రాయండి. లేకపోతే ఓనరు వాట్సాప్‌లో "చేయిస్తా" అని ఒప్పుకున్న మాటే మీకు ఆధారం. అందుకే ఆ మెసేజ్‌ను తేదీతో సహా ఉత్తరంలోకి ఎక్కించాలి.

ఏది మేజర్, ఏది మైనర్ అన్న చోటే గొడవలు ముదురుతాయి. దీనికి ఒక మంచి కొలబద్ద ఉంది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం చివర ఒక షెడ్యూలు ఉంటుంది. నిర్మాణానికి సంబంధించిన మరమ్మతులు, గోడల సున్నం, తలుపులు కిటికీల పెయింటు, పైపులు మార్చడం, అవసరమైనప్పుడు వైరింగు ఓనరు వాటా. కొళాయి వాషర్లు, డ్రైనేజీ శుభ్రం చేయించడం, వాష్‌బేసిన్, కమోడ్ రిపేర్లు, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, దోమతెరలు, కిటికీ అద్దాలు అద్దెదారు వాటా. గీజర్ రిపేరు కూడా అద్దెదారు వాటాలోనే ఉంది! వేరే ఒప్పందం లేనప్పుడు వర్తించే పంపకం ఇది. తెలంగాణలో ఇది చట్టం కాదు, అయినా బేరంలో పనికొస్తుంది. మీ ఉత్తరంలో పది ఫిర్యాదులుండి అందులో ఆరు మీరే చేయించుకోవాల్సినవైతే ఓనరు ఆ ఆరింటిని పట్టుకుని మిగతా నాలుగింటిని పక్కన పెట్టేస్తాడు. చిన్నవి మీరే చేయించేసి, పెద్దవి మాత్రమే రాయండి.

ఎస్టిమేట్ జతచేయకపోతే ఉత్తరం సగం బలం పోగొట్టుకుంటుంది. ప్లంబర్ గానీ వాటర్‌ప్రూఫింగ్ మేస్త్రి గానీ ఏం లోపం ఉంది, ఏం చేయాలి, సామాను ఎంత, కూలి ఎంత అని విడివిడిగా రాసి, పేరు, ఫోన్ నంబరు, తేదీ వేసి సంతకం పెట్టాలి. "లీకేజీ పని, మొత్తం ఇంత" అని ఒక్క లైనులో రాసిన కాగితం ఎవరూ నమ్మరు.

లీకేజీ మూలం తెలియకుండా ఎస్టిమేట్ రాయించడం కూడా దండగే. కింది ఫ్లాట్ పైకప్పు మీద కనిపించే మచ్చకు మూలం సాధారణంగా పై ఫ్లాట్ బాత్‌రూమ్‌లో ఉంటుంది. రోజంతా ఒకే తీరుగా కారితే నీళ్ల పైపు మీద అనుమానం పెట్టుకోవాలి. పైవాళ్లు స్నానం చేసినప్పుడే పెరిగితే డ్రైనేజీ వైపు చూడాలి. మొదట పై బాత్‌రూమ్‌కు నీళ్లొచ్చే కంట్రోల్ వాల్వు కట్టేయాలి. కారడం తగ్గితే పైపులో లోపం. అయితే బాత్‌రూమ్ కింద స్లాబు పల్లంగా పోసిన చోట, అందులో నిలిచిన నీరు వాల్వు కట్టేసినా రెండు మూడు రోజులు కారుతూనే ఉంటుంది. అందుకని ఒక్క రాత్రికే తేల్చేయకూడదు. తగ్గకపోతే నహానీ ట్రాపును (నేల మీది నీళ్లు పోయే కన్నాన్ని) గుడ్డతో గట్టిగా మూసి, నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టి 24 గంటలు చూడాలి. కింద మచ్చ పెద్దదైతే టైల్స్ జాయింట్లలోనో, కింది వాటర్‌ప్రూఫింగ్‌లోనో లోపం. మారకపోతే నీళ్లు తీసేసి బకెట్‌తో నేరుగా ట్రాపులోకే పోయాలి. అప్పుడు కారితే ట్రాపు జాయింటు ఊడిందని అర్థం. జాయింట్లు గీకి ఎపాక్సీ గ్రౌటు వేయడానికి, బాత్‌రూమ్ మొత్తం తవ్వి మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేయడానికి ఖర్చులో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంటుంది. ఈ పరీక్షలు చేశామని, ఏ పరీక్షలో ఏం తేలిందో ఉత్తరంలో మూడు లైన్లు రాస్తే ఓనరు "ముందు కారణం తెలియాలి కదా" అని వాయిదా వేయలేడు.

మూలం పై ఫ్లాట్‌లో ఉందని తేలితే ఉత్తరం మీ ఓనరు పేరుతోనే రాసి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఒక కాపీ ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. టెర్రస్, బయటి గోడలు, నిలువుగా దిగే పైపులు అసోసియేషన్ చూసుకోవాలి. పై ఫ్లాట్ ఓనరుతో మీకు ఏ ఒప్పందమూ లేదు, ఉన్నది మీ ఓనరుతోనే. "పైవాళ్లతో మీరే మాట్లాడుకోండి" అంటే ఒప్పుకోవద్దు.

కరెంటు సంగతి వేరు. గీజర్ వేయగానే పడేది ఎంసీబీనా (లోడు ఎక్కువైతే పడే స్విచ్చు), ఆర్‌సీసీబీనా (కరెంటు లీకైతే పడే స్విచ్చు) చూడండి. 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది. దాన్ని 6 యాంపియర్ల లైను మీద పెడితే ఎంసీబీ పడడం సహజం. 16 యాంపియర్ల పాయింటు కావాలి, అది వైరింగు పని కాబట్టి ఓనరును అడగొచ్చు. పడేది 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ అయితే కరెంటు ఎర్త్‌లోకి లీకవుతున్నట్టే. మళ్లీ మళ్లీ పైకెత్తి స్నానం చేయడం ప్రాణాలతో చెలగాటం. ఆ లైను ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇలాంటి వాటికి, నీళ్లు అసలే రాకపోవడానికి 15 రోజుల గడువు ఇవ్వకూడదు, 48 గంటలు చాలు.

స్పీడ్ పోస్టు: ఐదుకి నాలుగున్నర

2025 నుంచి దేశంలో రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు, స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్‌లో ఇప్పుడు "స్పీడ్ పోస్టు, రిజిస్ట్రేషన్‌తో" అని అడగాలి. ఊరకే "స్పీడ్ పోస్టు" అంటే రిజిస్ట్రేషన్ లేకుండా కొట్టేస్తారు. అప్పుడు కవరు ఎవరి చేతికైనా ఇచ్చి వెళ్లిపోయే వీలుంది. రిజిస్ట్రేషన్ ఉంటే పేరున్న మనిషికి గానీ, ఆయన అధికారం ఇచ్చినవాళ్లకు గానీ మాత్రమే ఇస్తారు.

ఖర్చు చూడండి. 2025 అక్టోబరు 1న వచ్చిన ధరల ప్రకారం 50 గ్రాముల వరకు ఊళ్లో అయితే 19 రూపాయలు, బయటి ఊరికైతే 47. రిజిస్ట్రేషన్‌కు మరో 5. వీటిమీద జీఎస్టీ. అంటే హైదరాబాద్‌లోనే ఉన్న ఓనరుకు 30 రూపాయల లోపు, విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉన్న ఓనరుకు అరవై చిల్లర. ఏ4 కాగితం ఒక్కోటి సుమారు నాలుగున్నర గ్రాములు. ఉత్తరం రెండు పేజీలు, ఎస్టిమేట్ ఒకటి, ఫొటోల ప్రింటు రెండు కలిపి కవరుతో సహా 50 గ్రాముల్లో హాయిగా సరిపోతాయి.

ఓటీపీ డెలివరీ అని మరో 5 రూపాయలకు ఇంకో సౌకర్యం ఉంది. విలువైన పత్రాలు పంపేవాళ్లకు అది మంచిదే. తప్పించుకు తిరిగే ఓనరుకు మాత్రం వద్దు, ఓటీపీ చెప్పకపోతే కవరు అందదు, అంతే.

రిజిస్ట్రేషన్ కోసమే ఎందుకు పట్టుబట్టాలంటే, జనరల్ క్లాజెస్ చట్టం 1897లోని 27వ సెక్షన్ సరైన చిరునామాతో రిజిస్టర్డ్ పోస్టులో పంపింది చేరినట్టే భావించమంటుంది. చేరలేదని రుజువు చేసుకోవాల్సింది ఎదుటివాడు. ప్రైవేట్ కొరియర్‌కు ఈ రక్షణ లేదు. కొరియర్ కుర్రాడు ఇచ్చిన రసీదు మీద గీసిన గీత కోర్టులో నిలబడుతుందన్న భరోసా లేదు.

ఇక ఎక్కడ చెడిపోతుందో చూద్దాం. మొదటిది చిరునామా. అగ్రిమెంట్‌లో ఉన్న చిరునామాకే పంపండి. వాచ్‌మన్ చెప్పిన కొత్త చిరునామా కూడా ఉంటే రెండో కాపీ అక్కడికి. ఓనరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి తరఫున బావమరిదో తండ్రో వ్యవహారం చూస్తుంటే, అగ్రిమెంట్ మీద ఎవరు సంతకం చేశారో ఆయన పేరుతోనే, "జీపీఏ హోల్డర్ ద్వారా" అని రాసి పంపాలి (జీపీఏ అంటే తరఫున వ్యవహరించే అధికారపత్రం). ఓనరు ఈమెయిల్‌కు స్కాన్ కాపీ అదే రోజు పంపండి.

రెండోది ట్రాకింగ్. రసీదు మీద 13 అక్షరాల నంబరుంటుంది, చివర ఐఎన్ అని ముగుస్తుంది. డెలివరీ అయిన రోజే ఇండియా పోస్టు సైట్‌లో ఆ పేజీ తెరిచి పీడీఎఫ్‌గా దాచుకోవాలి. ఆ వివరాలు సైట్‌లో ఎప్పటికీ ఉండవు. రసీదు థర్మల్ కాగితం, ఎండకు, చేతి చెమటకు అక్షరాలు మాయమవుతాయి. ఇంటికి రాగానే జిరాక్స్ తీయించండి.

మూడోది, కవరు తిరిగొచ్చినప్పుడు చాలామంది చేసే పొరపాటు. "తీసుకోలేదు" అనో "తలుపు తాళం" అనో ముద్రతో వెనక్కి వస్తే దాన్ని చించి చూడకండి. సీలు విప్పకుండా అలాగే బీరువాలో పెట్టండి. దాన్ని కోర్టు ఎదుటే తెరవాలి. తీసుకోవడానికి నిరాకరించినా నోటీసు అందినట్టే లెక్క.

సగం మార్కు ఎందుకు తగ్గించామంటే, కౌంటర్‌లో రిజిస్ట్రేషన్ సంగతి మనమే గుర్తుచేయాల్సి రావడం, తలుపు తాళం వేసున్నప్పుడు పోస్ట్‌మన్ పెట్టే ఇంటిమేషన్ చీటీ ఒక్కోచోట ఒక్కోలా ఉండడం. ఈ ఖర్చుకు ఇంతకంటే పదునైన సేవ మరొకటి లేదు.

గడువు దాటాక: చేయించుకుని మినహాయించడం

గడువు దాటినా కదలకపోతే, అగ్రిమెంట్ ప్రకారం ఓనరు బాధ్యతేనని తేలితే, మీరే చేయించవచ్చు. అయితే మొదలుపెట్టే ముందు రెండో ఉత్తరం పంపాలి, "ఫలానా తేదీన ఫలానా మేస్త్రితో ఇంత ఖర్చుతో పని చేయిస్తున్నాను, ఆ మొత్తాన్ని వచ్చే నెల అద్దెలో మినహాయిస్తాను" అని. పని ముందు, మధ్యలో, తర్వాత ఫొటోలు. బిల్లు మీ పేరుతో, డబ్బు యూపీఐలో లేదా బ్యాంకు ద్వారా. మిగతా అద్దెను మాత్రం తేదీ తప్పకుండా, "జులై అద్దె, మరమ్మతు మినహాయింపు పోగా" అని రిమార్కు రాసి ట్రాన్స్‌ఫర్ చేయాలి.

మొత్తం అద్దె ఆపేయడం అన్నిటికంటే ప్రమాదకరం. ఓనరు తప్పు ఎంతున్నా, అద్దె బకాయి పడిన క్షణం నుంచి కేసు తిరగబడుతుంది. లీకేజీ గొడవ ఖాళీ చేయించే గొడవగా మారిపోతుంది. నీళ్ల మీద కోపంతో అద్దె ఆపకండి.

లాయర్ నోటీసు: మంచిదైతే మూడు, రెడీమేడ్‌దైతే ఒకటిన్నర

లాయర్ లెటర్‌హెడ్ చూసి భయపడి దిగొచ్చే ఓనర్లున్నారు, నిజమే. అలా దిగొచ్చేవాళ్లలో చాలామంది మీ రిజిస్టర్డ్ ఉత్తరానికే దిగొస్తారు. రెండో ఉత్తరం కూడా వృథా అయ్యాకే లాయర్ దగ్గరికి వెళ్లడం మేలు, అప్పుడు ఆయన రాసే నోటీసుకు వెనక ఆధారాలుంటాయి.

నోటీసు నాణ్యత ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. ఏ చట్టం కింద రాశారు? హైదరాబాద్‌లో చాలా రెడీమేడ్ నోటీసులు 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టాన్ని ఉటంకిస్తాయి. అందులో 14వ సెక్షన్ ప్రకారం నీళ్లు, కరెంటు, లిఫ్టు, మెట్లు, పారిశుధ్యం లాంటి వసతులను ఓనరు అకారణంగా ఆపకూడదు. చదవడానికి చాలా బాగుంటుంది. కానీ 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు ఆ చట్టం కిందకు రావు. ఇప్పుడు నగరంలో రెండు గదుల పోర్షను కూడా ఆ లెక్కలో దొరకదు. అంటే ఓనరు వైపు లాయరుకు ఒక్క చూపులో అర్థమవుతుంది, ఈ నోటీసుకు పునాది లేదని. దానితో మీరు భయపెట్టాల్సింది పోయి ధైర్యం ఇచ్చినట్టవుతుంది. ఇదే కారణంగా చాలామందికి రెంట్ కంట్రోలర్ తలుపు కూడా మూసుకుపోయినట్టే. మీ ఇంటికి వర్తించేది ఆస్తి బదలాయింపు చట్టం, అగ్రిమెంట్.

నోటీసు పంపేముందు లాయరును డ్రాఫ్ట్ అడగండి. అందులో మీ ఉత్తరం తేదీ, స్పీడ్ పోస్టు నంబరు, అగ్రిమెంట్ క్లాజు, ఎస్టిమేట్ మొత్తం, ఇచ్చిన గడువు ఉన్నాయో లేదో చూడండి. "నష్టపరిహారం 10 లక్షలు" లాంటి అంకె ఉంటే తీయించేయండి. ఆధారం లేని అంకె పక్కనే ఉన్న నిజమైన 18 వేల ఎస్టిమేట్‌ను కూడా నమ్మకుండా చేస్తుంది. ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపితే గంటల్లో నోటీసు తయారుచేసిచ్చే సర్వీసుల్లో ఈ వివరాలకు చోటే ఉండదు. పేరు, చిరునామా మార్చి అదే మూస అచ్చేస్తారు. డబ్బు పెట్టే పని లేదు.

పదకొండు నెలల అగ్రిమెంట్ ముగిసిపోయి నెలనెలా కొనసాగుతున్నవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. అలాంటి అద్దెను 15 రోజుల నోటీసుతో ముగించే హక్కు ఓనరుకూ ఉంది, మీకూ ఉంది. లాయర్ నోటీసుకు జవాబుగా ఖాళీ చేయమనే నోటీసు రావచ్చు. ఆ ఇంట్లోనే ఉండాలని ఉంటే ముందు అగ్రిమెంట్ రెన్యూ చేసుకుని, అందులో మరమ్మతుల క్లాజు రాయించుకుని, తర్వాత లాయర్ దాకా వెళ్లండి.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ: ఐదుకి నాలుగు

చాలామందికి తెలియని సేవ ఇది. కోర్టులో కేసు వేయకముందే, ఫీజు లేకుండా, అక్కడ ప్రీ లిటిగేషన్ పిటిషన్ వేయవచ్చు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు (రాజీ షరతులు రాసిన ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. టోల్‌ఫ్రీ నంబరు 15100. లాయర్ కూడా కావాలంటే ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయ పరిమితి లోపున్నవాళ్లకు కూడా ఆ హక్కుంది.

పరిధి చూసుకుని వెళ్లాలి. ఇల్లు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా సంస్థకే వెళ్లాలి. అందరూ "హైదరాబాద్" అంటారు గానీ శేరిలింగంపల్లి రంగారెడ్డి జిల్లా, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. తప్పు చోటికి వెళితే తిరిగి పంపేస్తారు, ఒక రోజు పోతుంది. 15100కు ఫోన్ చేసి మండలం పేరు చెప్పి కనుక్కోండి.

తీసుకెళ్లాల్సినవి: తెల్లకాగితం మీద పిటిషన్, గుర్తింపు కార్డు, అగ్రిమెంట్ జిరాక్స్, రెండు ఉత్తరాల కాపీలు, పోస్టు రసీదులు, ట్రాకింగ్ ప్రింటు, ఎస్టిమేట్, ఫొటోలు, అద్దె కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్. ఓనరు పూర్తి చిరునామా, ఫోన్ నంబరు కచ్చితంగా ఉండాలి, నోటీసు వెళ్లేది అక్కడికే. వాట్సాప్ సంభాషణల ప్రింటు ఇక్కడ మాట్లాడుకోవడానికి సరిపోతుంది. అదే పూర్తిస్థాయి సివిల్ కేసులో అయితే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అందుకే చాట్ ఉన్న ఫోను అమ్మేయకండి, రీసెట్ చేయకండి.

అసలు పని రాజీ రాసేటప్పుడు ఉంటుంది. ఓనరు వచ్చాడు, మెత్తబడ్డాడు, "చేయిస్తాను సార్" అన్నాడు. అక్కడితో తృప్తిపడి "ఓనరు త్వరలో మరమ్మతు చేయించుటకు అంగీకరించినారు" అని రాయించుకుంటే ఆ అవార్డుతో ఏమీ చేయలేరు. త్వరలో అంటే ఎప్పుడు? చేయించకపోతే ఏంటి? అవార్డులో నాలుగు మాటలు పట్టుబట్టి రాయించండి. ఏ పని, ఏ తేదీలోగా, చేయించకపోతే అద్దెదారు ఎంత మొత్తం వరకు చేయించి ఏ నెల అద్దెలో మినహాయించాలి, ఖాళీ చేయాల్సొస్తే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి. ఇలా ఉంటే ఓనరు మాట తప్పినప్పుడు అదే కాగితంతో, దాన్ని అమలు చేయించమని కోర్టులో ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయవచ్చు. సంతకం పెట్టే ముందు టైపు చేసిన కాపీని రెండుసార్లు చదవండి, అప్పీలు లేదని గుర్తుంచుకోండి.

ఒక్క మార్కు తగ్గింది ఎందుకంటే ఓనరు రాకపోతే బలవంతంగా రప్పించే అధికారం ఈ దశలో లేదు. రాజీ ఇష్టం లేదంటే ఫైలు మూసేస్తారు. అయినా కోర్టు ప్రాంగణం నుంచి వచ్చిన నోటీసును పక్కన పడేయడానికి చాలామందికి మనసొప్పదు. అమెరికాలో ఉన్న ఓనరు తరఫున బంధువు వస్తే, రాజీ మీద సంతకం చేసే అధికారం ఇచ్చిన జీపీఏ ఉందో లేదో మొదటి రోజే అడగండి.

తిప్పేసే చోట్లు

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఓనరు మీద ఫిర్యాదు చేస్తే ఉపయోగం ఉండదు. మామూలు ఇంటి అద్దె వినియోగదారుల చట్టం అర్థంలో సేవ కిందకు రాదు. ఫీజు తీసుకున్న బ్రోకరేజీ సంస్థ మీదో, హాస్టల్ మీదో అయితే ఆ దారి పనికొస్తుంది. పోలీసులు లీకేజీని సివిల్ వ్యవహారం అంటారు, అది సరైన మాటే. కానీ ఓనరు కరెంటు కట్ చేసినా, తాళం వేసినా, సామాను బయట పడేసినా వెంటనే 112కు ఫోన్ చేయాలి. వీధిలో డ్రైనేజీ పొంగితే, నల్లా నీళ్లు రాకపోతే ఓనరు కోసం ఎదురుచూడక్కర్లేదు, జలమండలి 155313కు బిల్లు మీదున్న క్యాన్ (కస్టమర్ అకౌంట్) నంబరుతో మీరే ఫిర్యాదు చేయవచ్చు. కరెంటు సరఫరా సమస్యలకు 1912.

ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే

అక్కడ 1960 చట్టం స్థానంలో 2017లో కొత్త అద్దె చట్టం చేశారు, తర్వాత కేంద్ర నమూనా దారిలో మార్చారు. ఆ నమూనా తెలంగాణ అద్దెదారులు అసూయపడేంత స్పష్టంగా ఉంది. ఓనరు మరమ్మతు చేయించకపోతే అద్దెదారు చేయించి నెల అద్దెలో సగానికి మించకుండా నెలనెలా మినహాయించుకోవచ్చు. ఇల్లు ఉండడానికి వీల్లేని స్థితికి వచ్చి, రాతపూర్వకంగా చెప్పినా ఓనరు బాగుచేయకపోతే 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయవచ్చు. అత్యవసర వసతులు ఆపితే రెంట్ అథారిటీ దగ్గరికి వెళ్లవచ్చు. దీనికి ఆధారం రాతపూర్వక అగ్రిమెంట్. నోటిమాట మీద అద్దెకుంటున్నవాళ్లు ముందు ఆ పని చూసుకోవాలి.

ఇన్ని చేసినా కదలని ఓనరుంటాడు. అప్పుడు ఖాళీ చేయడమే మేలు, కానీ అదీ కాగితం మీదే. 15 రోజుల నోటీసు, లేదా అగ్రిమెంట్‌లో ఎంత ఉంటే అంత, ఇదే స్పీడ్ పోస్టు పద్ధతిలో పంపండి. తాళాలు ఇచ్చే రోజున కరెంటు మీటరు రీడింగ్ ఫొటో, ప్రతి గది గోడలు, పైకప్పు మచ్చతో సహా వీడియో తీయండి. తాళాలు అందుకున్నట్టు, అడ్వాన్సులో ఎంత దేనికి పట్టుకున్నారో, మిగతాది ఏ తేదీకి ఇస్తారో ఓనరు సంతకం చేసిన చీటీ చేతికొచ్చాకే తాళం గుత్తి ఇవ్వండి. మీ వల్ల కాని లీకేజీ మచ్చకు పెయింటింగ్ ఖర్చు మీ అడ్వాన్సులోంచి కోయకుండా ఆపేది, మొదటి ఉత్తరంతో పంపిన తేదీ ఉన్న ఫొటోలే.